పరిటాలలో మిలట్రీ ఇళ్ల కాగితాలు

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు పరిటాల కంటే ముందు 135 అడుగుల ఆంజనేయస్వామి కనిపిస్తాడు. అక్కడ హైవే దిగి ఊళ్లోకి వెళ్లాం. న్యాయ సహాయ శిబిరం కోసం వేసిన ఓ షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కొద్దిమందే కూర్చుని ఉన్నారు. వాళ్లలోనూ ఆడవాళ్లే ఎక్కువ. అందరి ఒళ్లోనూ ఒకటే రకం కవరు: డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం.

టేబుల్ దగ్గర ఇద్దరున్నారు. ఒకరు రిటైర్డ్ హవల్దారు, ఇప్పుడు పారా లీగల్ వలంటీరు. రెండోవారు నందిగామ కోర్టులో ప్రాక్టీసు చేసే యువ న్యాయవాది. సైనిక కుటుంబాలకు ఉచితంగా న్యాయ సహాయం అందించడానికి జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2025 జూలై 26న, కార్గిల్ విజయ్ దివస్ నాడు, శ్రీనగర్‌లో ‘వీర్ పరివార్ సహాయతా యోజన’ను ప్రారంభించింది. సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే న్యాయ సహాయ కేంద్రాలు నడపడం, మాజీ సైనికులనూ వాళ్ల కుటుంబసభ్యులనూ వలంటీర్లుగా తీసుకోవడం అందులో ముఖ్యమైనవి. ఇది మంచి ఆలోచన. డిశ్చార్జి బుక్కులో ఏ పేజీలో ఏముంటుందో దాన్ని మోసినవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది!

మొదట వచ్చినావిడకు అరవై దాటాయి. భర్త సిపాయిగా చేసి, పెన్షన్ తీసుకుంటూ పోయాడు. ఫ్యామిలీ పెన్షన్ మాత్రం ఆగిపోయింది. హవల్దారు గారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఆధార్‌లో ఆవిడ ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది. డిశ్చార్జి బుక్కులో ఆ ఇంటిపేరే పూర్తిగా విడమరిచి చివర పడింది, అదీ అక్షరం తప్పుగా. మన పేర్ల వరస తెలియని రెజిమెంటు గుమాస్తా ఎవరో నలభై ఏళ్ల కిందట విన్నది విన్నట్టు రాసుకుని ఉంటాడు. భర్త బతికుండగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు రెండు పేర్లూ ఒక మనిషివేనని ఈవిడే రుజువు చేసుకోవాలి.

“అత్తయ్యా, లాయరు ఫీజు గురించి బెంగపడకండి” అంది న్యాయవాది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం. 15100కి ఫోన్ చేసినా చాలు. అఫిడవిట్టు తయారుచేసి, సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్ ఆఫీసుకు పంపుతామన్నారు. అక్కడా తేలకపోతే సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది. 2007 చట్టంతో వచ్చింది. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది. పరిటాల ముసలావిడ ఒంటరిగా చెన్నై దాకా వెళ్లి కేసు వేస్తుందా? ఊళ్లో ఈ టేబుల్ ఎందుకు కావాలో అక్కడే తెలిసింది.

తర్వాతి కవరు పొలం తగాదాది. కొడుకు సరిహద్దులో ఉన్నాడు, దాయాదులు నందిగామలో దావా వేశారు, వాయిదాకు రాలేదని ఎక్స్‌పార్టీ చేసి, ఒకవైపే విని తీర్పిస్తారేమోనని తండ్రి భయం. ‘ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్ట్’ అని 1925 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. యుద్ధంలోనో ప్రత్యేక పరిస్థితుల్లోనో డ్యూటీలో ఉన్న సైనికుడి మీద దావా నడుస్తుంటే, అతని తరఫున మాట్లాడే అధికారం ఉన్నవారు లేనప్పుడు, కోర్టు విచారణ వాయిదా వేయాలి. కాకపోతే అతను అలాంటి డ్యూటీలో ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. తండ్రి ఈ చట్టం పేరు వినడం అదే మొదలు.

కాగితం మీది గీత మనుషుల్ని ఎటు పడేస్తుందో ఈ ఊరి పెద్దలకు కొత్త కాదు. ఒకప్పుడు చుట్టూ కృష్ణా జిల్లా బ్రిటిష్ వాళ్ల కింద ఉంటే, వజ్రాల నేల అయిన పరిటాల ప్రాంతం మాత్రం నిజాం సంస్థానంలో ఉండిపోయింది. పక్క చేలో ఉన్నవాడు వేరే రాజ్యం మనిషి.

చివర్లో ఓ పెద్దాయన లేచాడు. ఆయన చేతిలో కవరు లేదు. మనవడు అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉన్నాడట, అక్కడి ఆర్మీలో చేరతానంటున్నాడట. “మిలట్రీలో చేరితే సిటిజన్‌షిప్ దానంతటదే వచ్చేస్తుందంటగా, అమ్మాయ్?”

రాదు. ఆ నమ్మకంతోనే చాలామంది దెబ్బతిన్నారు. హెక్టర్ బరాహాస్ ఏడేళ్లప్పుడు మెక్సికో నుంచి అమెరికా వెళ్లి, అక్కడి సైన్యంలో 82వ ఎయిర్‌బార్న్ డివిజన్‌లో పనిచేశాడు. తర్వాత ఓ నేరంలో జైలు శిక్ష పడింది, 2004లో దేశం నుంచి పంపేశారు. 1996 నాటి అమెరికా చట్టం దేశబహిష్కరణకు తగిన నేరాల జాబితాను బాగా పెంచింది. సైన్యంలో చేశాడనే సంగతిని తూచి చూసే వీలు జడ్జీలకు చాలావరకు పోయింది. మెక్సికోలోని టిహువానాలో బరాహాస్ తనలాంటి వాళ్ల కోసం ఆశ్రయం పెట్టాడు. 2017లో కాలిఫోర్నియా గవర్నరు క్షమాభిక్ష పెట్టాక, న్యాయవాదుల సాయంతో 2018లో పౌరుడై తిరిగొచ్చాడు. అలా పంపేసిన సైనికుల్లో కొందరు చనిపోయాకే సైనిక లాంఛనాలతో ఆ దేశంలో ఖననానికి నోచుకున్నారు. బతికుండగా రానివ్వని దేశం శవానికి సెల్యూట్ చేయడం నాకు మింగుడుపడలేదు.

మనవాళ్లకూ ఈ చరిత్ర ఉంది. పంజాబీ భగత్ సింగ్ థింద్ 1918లో తలపాగాతోనే అమెరికా సైన్యంలో చేరాడు. ఆ డిసెంబరులో ఇచ్చిన పౌరసత్వం నాలుగు రోజుల్లో లాగేసుకున్నారు. మళ్లీ సంపాదిస్తే, తెల్లవాడు కాదంటూ 1923లో సుప్రీంకోర్టు కాదంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఆసియా వాళ్ల కోసం 1935లో చట్టం వచ్చాక, 1936లో గానీ ఆయనకు దక్కలేదు.

“తాతయ్యా, చేరాక సర్వీసును ధ్రువీకరించే ఎన్-426 ఫారం మీద ఆఫీసరు సంతకం తీసుకుని, పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు పెట్టమనండి. సైనికులకు ఫీజు లేదు” అంది న్యాయవాది. పెద్దాయన కూర్చోలేదు. “కుర్రాడు గదా, రేపేదన్నా తప్పు చేస్తే?”

“పౌరుడైతే అక్కడే శిక్ష అనుభవించి ఇంటికి పోతాడు. కాకపోతే, నేరాన్ని బట్టి జైలు అయ్యాక విమానం ఎక్కించేయొచ్చు. ఇంకోటి కూడా చెప్పండి. సర్వీసు మీద పౌరసత్వం తెచ్చుకుని అయిదేళ్ల సర్వీసు గౌరవంగా పూర్తికాకుండానే చెడ్డపేరుతో డిశ్చార్జి అయితే, ఆ పౌరసత్వాన్నీ రద్దు చేయొచ్చు.”