మిగులు పాలు

7 జూలై 2024
బాబు ఇంకా గ్లాసు పెట్టెలోనే. ముక్కు ట్యూబులోంచి ఒక్కోసారికి 5 మిల్లీలీటర్లే పోస్తున్నారు. నాకేమో పాలు గడ్డకట్టి, జాకెట్టు తడిసిపోతోంది. నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచీ ధాత్రి తల్లిపాల బ్యాంకు ఉంది. మిగిలినవి ఇస్తానని సంతకం పెట్టాను. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలకు రక్తం తీసుకున్నారు.

11 జూలై
పిండిన సీసా కాసేపు కదలకుండా ఉంచితే పైన పసుపుపచ్చ మీగడ తేలుతుంది. ఎంతసేపు చూసినా తనివి తీరదు. బ్యాంకులో వీటిని 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి, మైనస్ 20లో దాస్తారు. నెలలు నిండని పిల్లల పేగు చెడకుండా ఈ పాలు కాచినట్టు డబ్బా పాలు కాయలేవు.

"మనోనికి తక్కువైతయేమో బిడ్డా" అని అత్తమ్మ దిగులు. తీసినకొద్దీ ఊరతాయని చెప్పాను. పూర్తిగా నమ్మలేదు గానీ, రాత్రి మెంతికూర పప్పు ఆమే వండి పంపింది.

17 జూలై
మొహర్రం. మధ్యాహ్నం బీబీకా ఆలం ఊరేగింపు ఏనుగు మీద బయల్దేరింది, దబీర్‌పురా దారులన్నీ జనమే. కింది వాటా ఆపా షర్బత్ తెచ్చింది. కర్బలాలో దాహంతో అల్లాడుతూ బాణం తగిలి పోయిన ఆర్నెల్ల అలీ అస్గర్ గురించి చెబుతూ ఏడ్చింది. నా సీసాలు చూసి, "పసిపిల్లల కోసమా? ఇవ్వు, ఇవ్వు" అంది.

21 జూలై
ఎదురింటి భాభీకి నాలుగు నెలల పాప. తనూ ఇస్తానంటోంది. వాళ్ల అత్తగారు ఒకటే అడిగారు: "ఆ పాలు తాగేది ఎవరి బిడ్డ?" ఇస్లాం ప్రకారం ఒకే తల్లి పాలు తాగినవాళ్లు తోబుట్టువులవుతారు, వాళ్లకు పెళ్లి కుదరదు. పోయిన నెల కరాచీలో పాల బ్యాంకు ఆగింది ఈ మాట మీదే. ఇరాన్‌లోని తబ్రీజ్‌లో మాత్రం 2016 నుంచీ నడుస్తోంది; రొమ్ము పట్టి తాగితేనే బంధుత్వమని షియాల లెక్క.

ఆ పెద్దావిడ మీద నాకు గౌరవం పెరిగింది. నా పాలు ఎవరి కడుపులోకి వెళ్తున్నాయో నేనే ఎన్నడూ అడగలేదు. ఆవిడ మాత్రం ముఖం చూడని బిడ్డను అప్పుడే బంధువుల్లో లెక్కేస్తోంది. ఇలాంటి తల్లుల పాలు వేరేవాటితో కలపకుండా ఉంచి, ఇచ్చినవాళ్ల పేరు, తాగిన బిడ్డ పేరు రాసి రెండిళ్లకూ చెబితే అడ్డేముంది? రేపు భాభీని, వాళ్ల అత్తగారిని ఆటోలో వెంటబెట్టుకెళ్లి, బ్యాంకులో ఇదే అడగాలి.