గర్వం వద్దు – వినయం ముద్దు



బైబిల్లో నాకు బాగా నచ్చినది యోహాను సువార్త 13వ అధ్యాయం. యేసు ప్రభువు భోజనం దగ్గర నుండి లేచి, నడుముకు తువాలు కట్టుకొని, శిష్యుల కాళ్ళు కడిగాడు. ఆ కాలంలో అది దాసులు చేసే పని. అందుకే పేతురు మొదట వద్దన్నాడు. తనను పట్టించబోయే యూదా కాళ్ళు కూడా ప్రభువు కడిగాడు.

కొంతమంది భయాన్నే వినయం అనుకుంటారు. సంతలో షావుకారు తూకం తక్కువ వేసినా మావాళ్ళు తల వంచుకొని ఊరుకుంటారు. అది భయం. ప్రభువు తానే గురువునని తెలిసి కూడా వంగాడు. అది వినయం.

లూకా సువార్త 18వ అధ్యాయంలో ఒక పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటానని దేవుడికే గొప్పలు చెప్పుకున్నాడు. దూరంగా నిలబడిన సుంకరిని చులకన చేశాడు. దేవుడు మాత్రం గుండెలు బాదుకున్న ఆ సుంకరినే మెచ్చాడు.

మనకు చదువుతో అలాంటి గర్వం రావచ్చు. మన అమ్మానాన్నల్లో చాలామంది వేలిముద్ర వేసేవాళ్ళే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్ళకు ఏమీ తెలియదని నవ్వకూడదు. పక్కన కూర్చొని బ్యాంకు కాగితం చదివి చెప్పాలి. వాళ్ళతో సంతకు పోయి తూకం చూడాలి, షావుకారును లెక్క అడగాలి. లెక్క అడిగితే గర్వం అనరు. అమ్మను చిన్నచూపు చూస్తేనే గర్వం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని