సగం కట్టి వదిలించుకున్న అప్పు

నా ఫోన్‌లో ఒక యాప్ నా క్రెడిట్ స్కోరు నెలనెలా 781 అని చూపించేది. ఆ అంకె చూసుకుని ఎంత ధీమాగా ఉండేవాణ్నంటే, ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చేశాకగానీ లోను సంగతి కనుక్కోవడానికి బ్యాంకుకి వెళ్లలేదు. అక్కడి ఆఫీసరు నా పాన్ నంబరు కొట్టి, కాసేపు స్క్రీన్ చూసి, ‘‘సిబిల్ 662 ఉంది సార్, మా దగ్గర కష్టం’’ అన్నాడు. నేను ఫోన్ తీసి 781 చూపించాను. ‘‘అది ఎక్స్‌పీరియన్ వాళ్లది సార్, మేం చూసేది సిబిల్’’ అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇద్దరిలో ఎవరో ఒకరిది తప్పని, ఆ ఒకరూ బ్యాంకేనని తీర్మానించుకుని బయటికొచ్చేశాను.

ఆ తర్వాత చేసింది ఇంకా తెలివితక్కువ పని. ఎవరో ఒకరు ఇవ్వకపోతారా అని ఆన్‌లైన్‌లో కనిపించిన లోను సంస్థలన్నిటికీ దరఖాస్తులు పెట్టాను. మనం అప్పు అడిగిన ప్రతిచోటా మన క్రెడిట్ రిపోర్టు తీస్తారు. తీసినట్టు ‘ఎన్‌క్వైరీ’ అని అందులోనే నమోదవుతుంది. కొద్దిరోజుల్లోనే అన్ని ఎన్‌క్వైరీలు కనబడితే, ఇతనెవరో అప్పుకోసం గడపగడపా ఎక్కుతున్నాడని తర్వాత చూసేవాళ్లు అనుకుంటారు. అనుకున్నారు కూడా. చివరికి ఆ 662 కూడా నిలవలేదు. మన రిపోర్టు మనమే తెప్పించుకుంటే మాత్రం స్కోరుకి ఏమీ కాదు. ఆ పని నేను అప్పటిదాకా ఒక్కసారీ చేయలేదు.

మన దేశంలో అప్పుల చరిత్ర రాసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005 నాటి చట్టం కింద రిజర్వు బ్యాంకు అనుమతితో నడుస్తాయి. సిబిల్ 2000లోనే పుట్టింది, జనం నోట ఆ పేరే నిలిచింది. ఒక ఊరి అప్పులన్నీ నలుగురు గుమాస్తాలు నాలుగు పుస్తకాల్లో విడివిడిగా రాస్తున్నారనుకోండి, అదీ వీటి సంగతి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఏం పంపితే అది రాసుకుంటాయి తప్ప ఎవరింటికీ వెళ్లి విచారించవు. అప్పులిచ్చే సంస్థలన్నీ నాలుగింటిలోనూ సభ్యులుగా చేరాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది 2015లో. అంతకుముందు ఒక్కచోట చేరితే సరిపోయేది. ఈ పుస్తకాలు సరిగా లేనప్పుడు ఏమవుతుందో మనవాళ్లు చూడకపోలేదు. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చిన నాటికి ఒకే ఇంట్లో రెండు మూడు కంపెనీల అప్పులుండేవి.

స్కోరు సంగతి వేరు. రిపోర్టు పద్దయితే, ఆ పద్దు చదివి ఆ సంస్థ చెప్పే అభిప్రాయం స్కోరు. నాలుగూ 300 నుంచి 900 మధ్యనే వేస్తాయి. కానీ వాయిదా ఆలస్యమైతే ఎంత కోత, కార్డు లిమిట్‌లో ఎంత వాడితే ఎంత కోత, పాత అప్పులు సవ్యంగా తీర్చినందుకు ఎంత కలపాలి అన్నది ఎవరి లెక్క వాళ్లది. పూర్తి సూత్రం ఎవరూ బయటపెట్టరు. కాబట్టి పద్దు ఒకటే అయినా అంకెలు కొంచెం అటూఇటూగా ఉండటం మామూలే. నా రెండు అంకెలకీ మధ్య వందకు పైగా తేడా ఉంది. అంత తేడా ఉంటే ముందు పద్దునే అనుమానించాలి. ఈ మాట బ్యాంకులో పనిచేసే మా తోడల్లుడు చెప్పేదాకా నాకు తట్టలేదు. ‘‘అన్నగారూ, ఆ అంకెలు అలా ఉంచండి. అసలు రిపోర్టు చదివారా?’’ అన్నాడు.

2017 నుంచి ఒక్కో సంస్థా ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టుకున్నాను.

సిబిల్ రిపోర్టులో హైదరాబాద్ రోజులనాటి నా క్రెడిట్ కార్డు ఉంది. కరోనా ఏడాది జీతం సగమైనప్పుడు దాని బిల్లు కట్టడం మానేశాను. వడ్డీ మీద వడ్డీ పడి బాకీ లక్ష దాటింది. రికవరీ ఏజెంటు ఫోన్ చేసి, ‘‘సగం కట్టేయండి సార్, ఫైలు మూసేస్తాం’’ అన్నాడు. కట్టాను. బేరమాడి యాభై వేలు మిగిల్చానని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ బేరమే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని కూర్చుంది. బాకీ పూర్తిగా తీర్చలేదు, రానిది బ్యాంకు వదులుకుంది అని దాని భావం. దాని కింద నెలల వరుసలో ఏ నెల ఎన్నిరోజులు ఆలస్యమో అంకెలు. ఏజెంటు అబద్ధం చెప్పలేదు, ఫైలు నిజంగానే మూశారు. ఎలా మూసినట్టు రాస్తారని నేనే అడగలేదు.

ఎక్స్‌పీరియన్ రిపోర్టులో ఆ కార్డే లేదు. ఎందుకు లేదో తర్వాత తెలిసింది. కార్డు బ్యాంకు దగ్గర నా పాన్‌లో ఒక అక్షరం తప్పు పడింది. దానికితోడు మన ఇంటిపేర్ల తంటా ఉండనే ఉంది: పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా చివర ఉంటే, ఆధార్‌లో ముందు, ఆ కార్డు మీద ఒక్క పొడి అక్షరం. పేరు, పుట్టినతేదీ, ఫోన్, చిరునామా కలిపి చూసి ఇది ఫలానా మనిషిదని పోల్చుకునే పద్ధతి కూడా ఒక్కో సంస్థకు ఒక్కో రకం. ఒకచోట ఆ కార్డు నా పేరు కిందికి చేరింది, ఇంకోచోట చేరలేదు. ఇన్నాళ్లూ నేను మురిసిపోయిన 781 ఆ తప్పక్షరం పుణ్యమే.

మొదట సిబిల్‌కే రాశాను, ఆ ‘సెటిల్డ్’ తీసేయమని. బ్యాంకు ఒప్పుకోనిదే మేం మార్చలేమన్నారు. న్యాయమే, రాసింది అబద్ధం కాదుగా. మిగిలిన సొమ్ము కట్టి, బాకీ లేదని బ్యాంకు నుంచి లెటరు తీసుకుని, ఖాతాను ‘క్లోజ్డ్’ అని పంపించమన్నాను. పాన్ కూడా సరిచేయమన్నాను. రెండూ చేశారు. సిబిల్ మెల్లగా కోలుకోసాగింది. అప్పటిదాకా నన్ను నెత్తిన పెట్టుకున్న యాప్‌లో మాత్రం అంకె దబ్బున పడిపోయింది, పాన్ సరిపడగానే ఆ పాత కార్డు అక్కడికీ వచ్చి చేరింది కదా! నా ఫిర్యాదు ఫలితం చూసి మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఖాతా మూసినట్టు రాసినా ఆలస్యమైన నెలలు చెరగవు. సిబిల్ రిపోర్టులో 36 నెలల దాకా ఆ వరుస కనిపిస్తుంది. ఫ్లాటు అడ్వాన్సులో కొంత పోయింది. లోను ఆఖరికి ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ ఇచ్చింది, బ్యాంకు కంటే ఎక్కువ వడ్డీకి.

నాది నిజమైన పద్దు కాబట్టి అనుభవించాను. మీ రిపోర్టులో మీది కాని అప్పు గాని, తీర్చేసినా తీరనట్టున్న అప్పు గాని ఉంటే ఊరుకోకండి. బ్యాంకుకైనా, ఆ సంస్థకైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపైన రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి; 2024 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ఇది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, 2022 సెప్టెంబరు నుంచి ఈ నాలుగు సంస్థలూ ఆయన పరిధిలోకి వచ్చాయి. ఇల్లు కొనే ఆలోచన ఉంటే అడ్వాన్సు ఇవ్వకముందే నాలుగు రిపోర్టులూ తెప్పించుకోండి, పైసా ఖర్చు లేదు. డబ్బు కడితే స్కోరు పెంచిపెడతామని ఫోన్లు చేసేవాళ్లకి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. బ్యాంకు పంపిన నిజమైన పద్దును సొంతంగా మార్చే అధికారం ఆ నాలుగు సంస్థలకే లేదు.