అంకెలలోని రంగులు

రంగుల విషయమున స్త్రీలకు ఒకరు క్రొత్తగ చెప్పవలసినది లేదని మనము తలంతుము. పసుపునీటిలో చిటికెడు సున్నము కలిపినంతనే అది ఎఱ్ఱనగునని అక్షరములు రాని బాలికయు నెఱుగును. చీరకు తగిన రవికగుడ్డ నెంచునపుడు అంగడిదీపపు వెలుతురు చాలదని గడప దాటి యెండలో పట్టి చూచెదము. కాని నేడు మన చేతులలోనున్న ఫోనులయందలి రంగులు రోట నూరినవి కావు, కడవలో కాచినవి కావు, అంకెలతో వ్రాసినవి. ఆ అంకెలు వ్రాయువారు జాగరూకులు కానిచో ఒక సంసారమున నెట్టి దుఃఖము కలుగునో కన్నులార చూచితిని గనుక సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మా వారు ఉపాధ్యాయులు. చిన్ననాటినుండియు వారికి ఎఱుపునకు, ఆకుపచ్చకు భేదము స్పష్టముగ తెలియదు. పండుమిరపకాయలను పచ్చివానినుండి ఏరుమన్నచో తడుముకొందురు. వారి బడిలో హాజరుపట్టీ పోయి దానికి బదులు ఫోనులో ఆప్ వచ్చినది. పిల్లవాని పేరున కెదురుగ ఆకుపచ్చ చుక్కయున్నచో వచ్చినట్లు, ఎఱ్ఱచుక్క యున్నచో రానట్లు. రెండు చుక్కలును గుండ్రనివే. రెంటి పరిమాణమును ఒకటియే. ఒకనాడు తరగతిలో కూర్చుండియున్న బాలునికి రానట్లు గుర్తు పడినది. తత్క్షణమే వాని తల్లి ఫోనునకు వార్త పోయెను. ఆమె చంకబిడ్డతో పొలమునుండి పరుగెత్తి వచ్చి, కొడుకును పలకతో చూచి, గుమ్మముకడనే కూలబడెనట. ఆ రాత్రి మా వారు భోజనమునకు లేవలేదు.

హైదరాబాదులో ఆప్‌లు వ్రాయు మా తమ్ముడు సంక్రాంతికి వచ్చినపుడు ఈ సంగతి చెప్పితిని. "అక్కా, ఇది బావగారి కన్నుల తప్పు కాదు, వ్రాసినవారి ఆలోచనలోని లోపము" అని వాడు నాకు రంగుల గణితమును బోధించెను. ఫోను తెరపై చుక్క యొక్కొక్కదానియందు సామాన్యముగ మూడు చిన్నదీపము లుండును: ఎఱుపు, ఆకుపచ్చ, నీలము. ఈ మూటిని పాళ్లు మార్చి వెలిగించుటచే తక్కిన రంగులన్నియు పుట్టును. 1861లో మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు ఒక రంగురంగుల పట్టెను మూడు వన్నెల ద్రావణముల ద్వారా వేఱువేఱుగ ఫోటోలు తీయించి, మూడు వెలుగులను తెరపై నొకటిగ కలిపి లండనులో చూపెను. నేటి తెరకు మూలమదియే.

ఒక్కొక్క దీపపు వెలుగును 0 మొదలు 255 వఱకు 256 మెట్లుగ లెక్కింతురు. ఈ 256 ఎక్కడనో వినినట్లు తోచి, మా నాయనగారు నేర్పిన ఛందస్సును జ్ఞప్తికి తెచ్చుకొంటిని. ఎనిమిది యక్షరముల పాదమున గురులఘువులను ప్రస్తారము చేసినచో 256 వృత్తములే వచ్చును గదా! యంత్రమునకును రెండే గుర్తులు. అది ఎనిమిది స్థానములలో వానిని పేర్చును. మూడు దీపములకు మూడెనిమిదులు ఇరువది నాలుగు స్థానములు. ఇరువది నాలుగక్షరముల సంకృతిఛందమున పుట్టు వృత్తముల సంఖ్య 1,67,77,216. ఫోను చూపగల రంగుల సంఖ్యయు నదియే. ఇది విని తమ్ముడే ఆశ్చర్యపడెను.

ఆప్ వ్రాయువారు ఈ సంఖ్యలను పదియారు గుర్తుల లెక్కలో కుదించి వ్రాయుదురు. తొమ్మిది దాటిన తరువాత ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అను అక్షరములు పది మొదలు పదునైదు వఱకు నిలుచును. చక్కని పసుపుకొమ్ము వన్నెకు ఎఫ్‌ఎఫ్ సి1 07 అని వ్రాయవచ్చును. ఎఫ్‌ఎఫ్ అనగా 255. సి1 అనగా పండ్రెండు పదియారులును ఒకటియు, 193. 07 అనగా ఏడే. ఐఫోనునకు వ్రాయునపుడు తఱచుగ ఈ సంఖ్యలను 255 చే భాగించి 0కు 1కి నడుమ భిన్నములుగ నిచ్చెదరు. 193 సుమారు 0.757 అగును. ఇచట పూర్ణసంఖ్యలతోనే భాగహారము చేయించినచో భిన్నము రాలిపోయి సున్న మిగులును, ఆ దీపము ఆఱిపోవును.

మఱియొక చిక్కు కలదు. రంగు ఎంత చిక్కగ నుండవలెనో, ఎంత పలుచగ నుండవలెనో చెప్పు నాలుగవ సంఖ్య నొకదానిని చేర్చుదురు. ఆండ్రాయిడ్‌లో అది ముందుండును. వెబ్ పుటలకు వ్రాయు పద్ధతిలో చివర నుండును. పై పసుపునకు చివర ఎఫ్‌ఎఫ్ చేర్చి వ్రాసినదానిని ఆండ్రాయిడ్ తన క్రమమున చదివినచో ఎఱుపు 193, ఆకుపచ్చ 7, నీలము 255 అగును. పసుపు ఊదా యగును! అన్వయము తప్పినచో పద్యమునకు అర్థము మాఱునట్లే యిదియును.

ఇక మా వారి చుక్కల సంగతి. తమ్ముడు ఆ తెర చిత్రమును తీసి రెండు రంగుల సంఖ్యలను పట్టుకొనెను. ఎఱుపు డి3 2ఎఫ్ 2ఎఫ్. ఆకుపచ్చ 38 8ఇ 3సి. ఈ సంఖ్యలను నిజమైన వెలుగుపాళ్లుగ మార్చి, ఆకుపచ్చకు నూటికి 72, ఎఱుపునకు 21, నీలమునకు 7 వంతుల చొప్పున తూకము వేసి కూడినచో కంటికి తోచు కాంతి తెలియును. అట్లు చూడగా ఆ రెంటి కాంతులకు నిష్పత్తి 1.2కు 1 మాత్రమే వచ్చెను. నలుపు తెలుపులకది 21కి 1. సామాన్యమగు అక్షరములకు కనీసము 4.5కు 1 ఉండవలెననియు, రంగు నొక్కదానినే గుర్తుగ వాడరాదనియు వెబ్ పుటలను గూర్చి 2008లో వెలువడిన అంతర్జాతీయ సూత్రములు చెప్పుచున్నవి. ఆప్‌లకును వానినే అనుసరింతురు. వన్నెభేదమును పట్టలేని కంటికి కాంతిభేదమైన నుండవలదా? ఇచట రెండును లేవు.

ఈ మాటలన్నియు మా అత్తగారు వసారాలో కూర్చుండి వినుచుండిరి. "ఈ లోపము తల్లినుండి కొడుకునకు వచ్చునని డాక్టరుగారు చెప్పిరి. నా కడుపే వానికి శత్రువైనది" అని కన్నీరు పెట్టుకొనిరి. అది సత్యమే, కాని నేరము కాదు. ఎక్స్ అను జీవతంతువు స్త్రీకి రెండు, పురుషునకు ఒకటి. స్త్రీకి ఒకటి లోపించినను రెండవది కాపాడును. కొడుకునకు ఆ యండ లేదు. కావుననే ఉత్తర యూరపు సంతతి పురుషులలో పండ్రెండుగురి కొకరికి ఇది కలుగగా, స్త్రీలలో రెండువందలమందికి ఒకరికే కలుగును. జాన్ డాల్టన్ అను గొప్ప రసాయనశాస్త్రవేత్త తన కన్నులకే ఇది కలదని కనుగొని 1794లో పండితసభలో వ్యాసము చదివెను. ఆయన విద్యకు అది అడ్డు రాలేదు. నేను అత్తగారి చేయి పట్టుకొని, "అత్తయ్యగారూ, మీరిచ్చిన కన్నులతోనే వారు వందలమంది పిల్లలకు చదువు చెప్పిరి" అంటిని.

తమ్ముడు మూడు దినములు కూర్చుండి తన బావగారికొక చిన్న హాజరుపట్టీని వ్రాసి యిచ్చెను. అందు వచ్చినవారికి ముదురునీలము, రానివారికి పసుపు. ఆ రెంటి కాంతుల నిష్పత్తి 5కు పైగ నున్నది. చుక్కల నడుమ 'హా' అనియు 'గై' అనియు అక్షరములు కలవు. రంగు తెలియకున్నను అక్షరము చాలును. మా వారు దినదినమును దానియందు గుర్తు వేసికొని, పిదప బడి ఆప్‌లోని పేర్లతో సరిచూచుకొనుచున్నారు. ఆ ఆప్ చేసినవారికిని ఈ లెక్కలన్నియు వ్రాసి పంపితిమి.

మా అమ్మాయికి పదియేండ్లు. తండ్రినుండి ఈ తంతువు తప్పక దానికి వచ్చినది. దానికి పుట్టబోవు కొడుకులలో ఒక్కొక్కనికి సగముపాలు అవకాశము కలదు. నేనీ సంగతిని దాచను. పెద్దదైన పిదప దానికి స్వయముగ చెప్పెదను. సోదరీమణులారా! మీ పిల్లవాడు ఆకులకు ఎఱ్ఱరంగు వేసినచో కొట్టకుడు, కంటివైద్యునికి చూపుడు. సంబంధములు చూచునపుడు దీనిని దోషముగ నెంచకుడు. మీ బిడ్డలలో, తమ్ములలో ఆప్‌లు వ్రాయువారున్నచో, రంగుతోడ ఒక అక్షరమునైన నుంచుమని చెప్పుడు. ఆ ఒక్క యక్షరము లేకయే ఒక తల్లి పొలమునుండి ఏడ్చుచు పరుగెత్తవలసి వచ్చినది.