అడవిదారిని ఒంటరి సైకిలు ప్రయాణము

"మేము" అని వ్రాయుట పత్రికామర్యాద గాని, ఈ ప్రయాణమున మాకు తోడు వచ్చినవా రెవ్వరును లేరు. ఒక సైకిలు, ఒక మూట, నాలుగు లీటర్ల నీరు, ఒక డబ్బాలో పులిహోర: మా పరివార మింతియే.

మేము నివసించునది పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్తు నగరము. మనకు శరదృతువు వచ్చు వేళకు అచ్చట వసంతము. సెప్టెంబరు చివర బడులకు రెండువారములు సెలవు లిత్తురు. మావారు పిల్లలను వెంటబెట్టుకొని మెల్బోర్నులోని మా ఆడపడుచుగారి యింటికి పోయిరి. మాకు ఆఫీసుపని యుండి నిలిచిపోతిమి. పని తీరినపిదప రెండుదినములు మిగిలెను. అలమారలు సర్దుకొనవచ్చును; పచ్చళ్లు పెట్టుకొనవచ్చును. ఆ రెంటిని మాని ముండా బిడ్డి మార్గమునకు బయలుదేరితిమి.

ముండా బిడ్డి యనగా నూంగారు ఆదివాసుల భాషలో "అడవిలోని త్రోవ" యని యర్థము. పెర్తునకు తూర్పున కొండలలో నున్న ముండారింగు గ్రామమున మొదలై, దక్షిణసముద్రతీరమందలి ఆల్బనీ పట్టణమువఱకు 1000 కిలోమీటర్లకు పైగా సాగు సైకిలుదారి యిది. 2013లో పూర్తియైనది. పూర్వము కలప మోసిన రైలుబండ్ల పట్టాలు తీసివేసిన కట్టలే కొన్నిచోట్ల నేటి దారి. నడుమ నడుమ బాటసారులకు పాకలు, పండుకొనుటకు చెక్కతిన్నెలు, వాననీటి తొట్లు కలవు. తొలి పాక కరిన్యా. అచ్చటికి పోయి, రాత్రి నిలిచి, మఱునాడు మరలివచ్చుట మా సంకల్పము.

బయలుదేరుటకు ముందు సైకిలు చక్రములను, చెప్పులను మట్టి లేకుండ తోముకొంటిమి. ఇది శుభ్రముకొఱకు మాత్రమే కాదు. ఈ యడవులలో వేళ్లను కుళ్లజేయు సూక్ష్మజీవి యొకటి కలదు. అంటుకొనిన బురదతో అది ఒకచోటనుండి మఱియొకచోటికి పోయి చెట్లను చంపును. కాళ్లు కడుగుకొని యింట నడుగిడుట మన పెద్దలు నేర్పినదే గదా! అడవియు నొక యిల్లే యని అప్పుడు తోచెను.

ముండారింగు ఆనకట్ట దగ్గఱ కొంతసేపు నిలిచితిమి. ఇచ్చటి నీరే 1903నుండి గొట్టముద్వారా 500 కిలోమీటర్లకు పైగా సాగి బంగారుగనుల పట్టణమగు కాల్‌గూర్లీకి పోవుచున్నది. అది దాటినపిదప అంతయు జర్రా వనము. జర్రా యన నీలగిరిచెట్టు జాతిది, ఎఱ్ఱని గట్టికలప. దాని క్రింద మన తుమ్మకు దాయాదియగు వాటిల్ చెట్లు పసుపు చల్లినట్లు పూచి యుండెను. నల్లనిమొదలుపై పచ్చని జుట్టు విరబోసికొన్నట్లుండు బల్గా గడ్డిచెట్టు ఏటికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరుగదట. మా యంత యెత్తుదానిని చూచి, ఇది మా ముత్తవ్వకంటె పెద్దది కావలయు ననుకొంటిమి.

ఆ యడవిలో నేలయంతయు బఠాణీగింజలంత గుండ్రని ఎఱ్ఱరాళ్లు. వానిమీద చక్రము నిలువదు. వెడల్పు చక్రములు గల కొండసైకిలైనను, దిగుడున ముందు బ్రేకు గట్టిగా నొక్కరాదు. ఇది తెలిసియు మధ్యాహ్నము ఒక దిగుడున భయపడి నొక్కితిమి. మఱుక్షణము నేలపై నుంటిమి. మోకాలు చీరుకొనిపోయెను, గొలుసు ఊడెను. ఫోను తీసి చూడగా సంకేతము లేదు.

అప్పు డేడ్చితిమి. దాచనేల? నొప్పికంటె, పిలిచిన పలుకువా రెవ్వరును లేరను తెలివి మమ్ము ఏడ్పించెను. పుట్టినింట అమ్మ పిలుపందు దూరమున నుండెను. అత్తింట ఇల్లంతయు నుండెను. 45వ యేట తొలిసారిగా, మేము చేయనిది మఱియెవ్వరును చేయని చోట కూర్చుంటిమి. కొంతసేపటికి కన్నీళ్లు ఆగినవి. గాయమును నీటితో కడిగి కట్టుకట్టితిమి. మోకాలు వంగుచున్నది, ఎముకకు దెబ్బ లేదు. పుల్లతో గొలుసును పండ్లచక్రముపై కెక్కించితిమి. మూడవసారికి కుదిరెను. పాక వెనుకదారికంటె దగ్గఱ గనుక ముందుకే పోతిమి. దిగుళ్లలో దిగి నడచితిమి.

పాకలో ఎవ్వరును లేరు. తొట్టినీరు చిన్న పొయ్యిమీద మరగించి త్రాగితిమి. చీకటిపడినపిదప పైకప్పుమీద ఏదో పరుగిడెను. మాకు నిద్ర రాలేదు. అర్ధరాత్రి బయటికి వచ్చి చూడగా ఆకాశమున నక్షత్రములు కిక్కిరిసి యుండెను. భయము పోలేదు గాని, దాని ప్రక్కనే కూర్చుండుట యలవడెను. తెల్లవాఱుజామున కూకబుర్ర పిట్టలు పకపక నవ్వగా మేమును నవ్వితిమి.

మఱునాడు ఇల్లు చేరి రాజమహేంద్రవరమున నున్న అత్తగారికి ఫోను చేసితిమి. "ఒక్కదానవు అడవికి పోవుట యేమమ్మా! కాలు విఱిగిన ఎవరు చూతురు?" అని చాలసేపు కోపగించిరి. ఆమె మాట నిజమే. దారిని, చేరు వేళను మావారికి వ్రాసియిచ్చియే పోయితిమని చెప్పితిమి. కొంచెము మౌనము తరువాత, మెల్లగా, "రాత్రి ఎట్లుండెనే?" అని యడిగిరి. నక్షత్రములసంగతి చెప్పితిమి. ఆమె విని, "డెబ్బదియేండ్లు వచ్చినవి, నేను ఒక్క రాత్రియైన ఒంటరిగా నుండి యెఱుగను" అనిరి.

సోదరీమణులారా! అందఱును అడవులకు పోవలయునని మేము చెప్పము. పోవువారు దారి నెఱిగి, నీరు గొని, తిరిగివచ్చు వేళను ఇంట చెప్పి పొండు. ఈమాఱు సెలవులలో మా యత్తగారు మాయొద్దకు వచ్చుచున్నారు. సైకిలెక్కలేరు, కాని ఆనకట్టదాక కారుమీద పోయి, ఆ వనమున ఒక గడియ ఒంటరిగా కూర్చుందునని ఆమెయే యనిరి.