పచ్చబొట్టు

పిల్లలూ! బాపట్ల నుంచి చీరాలకు రైలులో వెళుతుంటే స్టూవర్టుపురం అనే చిన్న స్టేషను వస్తుంది. అది ఎరుకలవారి ఊరు.

పూర్వం ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి సోదె చెప్పేవారు, పచ్చబొట్లు పొడిచేవారు. దీపపు మసిని ఆకుపసరుతో కలిపి సూదులతో గుచ్చేవారు. పైచర్మం ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటుంది. మసి దాని కింది పొరలో నిలుస్తుంది. అందుకే పచ్చబొట్టు ఎంత కడిగినా పోదు.

ఒకప్పుడు అందమనుకున్న పచ్చబొట్టును తరువాత మోటు అన్నారు. ఇప్పుడు పట్నంలో ‘టాటూ’ అని డబ్బిచ్చి పొడిపించుకుంటున్నారు. బొట్టు మారలేదు, చూసే కన్ను మారింది!

ఎరుకలవారి మీద కంటికి కనబడని ముద్ర మరొకటి పడింది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. తప్పు చేసినా, చేయకపోయినా, పుట్టుకను బట్టి మనుషులను దొంగల లెక్కలో వేశారు. 1913లో ఎరుకల కుటుంబాలను ఇక్కడ చేర్చి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించి, ఊరికి స్టూవర్టు దొర పేరు పెట్టారు. అనుమతి లేనిదే ఊరు దాటరాదు.

1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అయినా ‘దొంగల ఊరు’ అనే మాట పోలేదు.

పచ్చబొట్టు కోరి పొడిపించుకునేది. ఈ ముద్ర ఎవరూ కోరనిది. అది ఉన్నది వారి ఒంటిమీద కాదు, మన కంటిలో. ఆ ఊరి పిల్లవాడు మీ తరగతిలో చేరితే, ఊరి పేరు కాదు, ముందు అతని పేరు అడగండి.