ఏ భాషలో జవాబు చెప్పాలి?

మా ఠాకుమాకి, అంటే నాన్నమ్మకి, తెలుగు చివరిదాకా రాలేదు. కూరగాయల బండి దగ్గర బేరమాడేంత హైదరాబాదీ హిందీ మాత్రం వచ్చు. ఆమె పుట్టింది తూర్పు బెంగాల్లోని విక్రమపురంలో. 1947లో అది వేరే దేశమైపోయింది. సికింద్రాబాద్ రైల్వేలో ఉద్యోగం చేసే తాతయ్యని పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చింది. నాంపల్లి వైపు వెళ్లినప్పుడల్లా ఆటోలోంచి గోల్డెన్ త్రెషోల్డ్ ని చూపించి "అదిగో, మా ఊరి పిల్ల ఇల్లు" అనేది.

ఆ పిల్ల సరోజినీ నాయుడు. విక్రమపురం వాళ్ల నాన్న అఘోరనాథ ఛటోపాధ్యాయది, ఆమె 1879లో హైదరాబాద్ లోనే పుట్టింది అని నేనెంత చెప్పినా ఠాకుమా వినేది కాదు. "నువ్వూ ఇక్కడే పుట్టావు. అంతమాత్రాన నా మనవరాలివి కాకుండా పోయావా?" అనేది.

బడి పుస్తకాల్లో ఆమె 'భారత కోకిల'. 1917లో స్త్రీలకు ఓటుహక్కు కావాలని మద్రాసులో మాంటేగుని కలిసిన బృందానికి నాయకురాలు, 1925లో కాన్పూరు కాంగ్రెస్ అధ్యక్షురాలు, 1930లో ధరాసనలో ఉప్పు సత్యాగ్రహాన్ని నడిపించిన మనిషి ఆ ఒక్క మాట వెనక ఎక్కడికి పోయిందో! రాజకీయాల్లో ఉన్న ఆడదాన్ని పాడే పిట్టగా గుర్తుంచుకోవడం మనకి తేలిక. నాకు ఆమెతోనూ పేచీలున్నాయి. తను ఫెమినిస్టుని కానని ఆమె అన్నదని చదివినప్పుడు చాలా రోజులు కోపంగా ఉన్నాను. అయినా ఆమెని వదులుకోలేకపోయాను.

తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. అయ్యాక ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లాను. నా పరిశోధన గురించి ఒక్క ప్రశ్నా వెయ్యకుండా, "మీరు తెలుగువాళ్లు కాదు కదా, మీకెందుకమ్మా ఇదంతా?" అన్నారొకాయన. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇంటికొచ్చి అఘోరనాథుడి గురించి మళ్లీ చదివాను. హైదరాబాద్ లో కళాశాలకి పునాది వేసిన ఆ మనిషిని, 1883లో చాందా రైల్వే ఒప్పందాన్ని ప్రశ్నించినందుకు నిజాం ప్రభుత్వం రాజ్యం దాటించింది. తర్వాత ఆయన తిరిగొచ్చాడనుకోండి. అప్పటికి సరోజినికి నాలుగేళ్లు. పాఠం చెప్తున్నంతకాలం మనవాడే, ప్రశ్న అడిగితే పరాయివాడు.

కానీ నన్ను ఎక్కువ కలవరపెట్టింది మరో సంగతి. ఇంగ్లీషు మాట్లాడనని మొండికేసినందుకు తొమ్మిదేళ్ల సరోజినిని తండ్రి ఒక రోజంతా గదిలో పెట్టాడట. బయటికొచ్చాక తల్లిదండ్రులతో ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడలేదని ఆమే చెప్పుకుంది. తల్లి వరదాసుందరి మాత్రం ఆమెతో హిందుస్తానీలోనే మాట్లాడేదట. ఆ తల్లి బెంగాలీలో కవిత్వం రాసిన మనిషి! తల్లి ఒక భాషలో అడిగితే కూతురు మరో భాషలో జవాబు. కవిత్వం రాసుకున్న భాష ఇద్దరి మధ్యా లేదు. కూతురి కవిత్వాన్ని లోకమంతా చదివింది. తల్లి కవిత్వం ఎవరికి కావాల్సొచ్చింది?

నన్నెవరూ గదిలో పెట్టలేదు. నా అంతట నేనే చేశాను. ఐదో తరగతిలో బడి గేటు దగ్గర ఠాకుమా బెంగాలీలో పిలిస్తే స్నేహితులు నవ్వారు. "ఇక్కడ అలా మాట్లాడకు" అన్నాను, తెలుగులో. ఆమెకి మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. మర్నాటినుంచి గేటు దగ్గర చెయ్యి ఊపేది, అంతే. ఇంట్లో ఆమె బెంగాలీలో అడిగేది, నేను తెలుగులో చెప్పేదాన్ని, నాన్న మధ్యలో ఉండి అందించేవాడు.

చివరి రోజుల్లో ఆమె హిందీ కూడా మర్చిపోయింది. బెంగాలీ ఒక్కటే మిగిలింది. ఆస్పత్రిలో రాత్రిళ్లు నేనే ఉండేదాన్ని. నాన్న లేని ఆ వేళల్లో, నీళ్లు కావాలా, నొప్పిగా ఉందా అని ముప్ఫై దాటిన వయసులో తడుముకుంటూ ఆమె భాషలో అడిగాను. ఆమె కళ్లు తెరిచి, చాలాసేపు నన్ను చూసి నవ్వింది.

"అచ్చం తెలుగుదానిలా మాట్లాడుతున్నావే" అంది.